కొన తెగిన బొమ్మ

అక్కకి,

నీ చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమంతా క్షేమమని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఉంచినా కొట్టేసినా సగం అబద్ధమే అవుతోంది కాబట్టి అలాగే వదిలేస్తున్నాను. నువ్వూ బావగారూ పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేంటి అనుకోకు. ఫోనులో మనిద్దరం మాట్లాడుకోం, అరుచుకుంటాం. కిందటిసారి మనం అరుచుకుంటుంటే వినలేక మీ మరిది వంటింట్లోకి వెళ్ళి, బాగానే ఉన్న కుళాయి విప్పి బాగుచేశాడు. అది అప్పట్నుంచీ కారుతోంది.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మధ్యలో విసుక్కుంటే సర్దుకుపో. ఈ మధ్య నాకు విసుగు తప్ప ఇంకేదీ రావడం లేదు. ఆస్పత్రిలో నా గది సంగతి నీకు తెలుసుగా, కిటికీ లేదు, యంత్రం తెర మీద గుండె బొమ్మ కనబడాలని లైటు కూడా సగమే వేస్తాం. ఆ చీకట్లో చక్రం ఊడిన స్టూలు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని పొద్దుట్నుంచీ ఊళ్ళోవాళ్ళ గుండెలు చూస్తాను. కొత్త స్టూలు కావాలని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. ఇస్తామంటారు, ఇవ్వరు.

ముందు చిన్నవి. అమ్మ బాగానే తింటోంది. మందు ఆపాక నోట్లో ఇనప రుచి పోయిందట. మెట్లెక్కితే బావగారికి ఆయాసం వస్తోందని, ఆయన గుండె కూడా ఓసారి చూడమని రాశావు. ఆ పొట్ట మోసుకుని ఎక్కితే ఎవరికైనా వస్తుంది. అయినా అశ్రద్ధ చెయ్యకుండా అక్కడే ఎవరికైనా చూపించమను. ఇంట్లోవాళ్ళ గుండెలు చూసే ఓపిక నాకిప్పుడు లేదు. ఎందుకు లేదో కింద రాస్తాను.

నలభై ఎనిమిది అంటే ఫెయిలా అని అడిగావు. కాదు. ఇది వందకి వేసే మార్కు కాదని ఎన్నిసార్లు చెప్పినా మన ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ ఎక్కడం లేదు. గుండెలో కింద ఎడమవైపున్న గది ఒళ్ళంతటికీ రక్తాన్ని తోస్తుంది. నిండుతుంది, పిండుకుంటుంది, మళ్ళీ నిండుతుంది. పూర్తిగా నిండినప్పుడు ఎంత ఉంది, పిండుకున్నాక ఎంత మిగిలింది అని కొలిచి, ఉన్నదాంట్లో ఎంత శాతం బయటికి పోయిందో చెప్పడమే నా ఉద్యోగం. ఏ గుండే పూర్తిగా ఖాళీ కాదు. అరవై వస్తే భేషుగ్గా ఉన్నట్టు. యాభై అయిదు మామూలే. యాభై కిందికి వస్తే ఓ కన్నేసి ఉంచాలి. అంతే.

అమ్మకీ ఇదే చెప్పాను. ఉద్యోగమంతా బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి కదా, కాసేపు ఆలోచించి, "అంటే బస్సు నిండా ఎక్కితే సగంమందే దిగుతున్నారన్నమాట," అంది.

"అంతే."

"మిగతావాళ్ళు?"

"కూర్చునే ఉంటారమ్మా. ఎవరికైనా అంతే."

"ఆఖరి స్టాపులో కూడా దిగకపోతే నేనైతే ఊరుకునేదాన్ని కాదు," అంది. అప్పట్నుంచీ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తన గుండెలో సగంమంది టిక్కెట్టు లేకుండా తిరుగుతున్నారని చెబుతోంది. పక్కింటావిడ నిజంగానే బెంబేలెత్తిపోయింది. ఆవిడకి నచ్చజెప్పడం కూడా నా నెత్తినే పడింది.

ఇక అసలు మందు ఎందుకు ఆపారన్న సంగతి. ఆపరేషన్ అయ్యాక రొమ్ములో గడ్డ మళ్ళీ రాకుండా ఎక్కించే మందు అది. సగం రోజు కుర్చీలో కూర్చోబెట్టి చేతికి సూది గుచ్చి ఎక్కిస్తారు. మందు మంచిదే, గడ్డ తిరగబెట్టే ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తుందంటారు. కాకపోతే కొందరిలో గుండె కండరాన్ని నీరసపరుస్తుంది. అందుకని మొదలుపెట్టే ముందోసారి, ఆ తరవాత అప్పుడప్పుడూ గుండెని కొలుస్తారు. మొదటిదానికంటే పది తగ్గి, యాభై కిందికి కూడా పడిందంటే మందు ఆపాలని నియమం. అమ్మకి మొదట అరవై. ఇప్పుడు నలభై ఎనిమిది. మందుల డాక్టరు కాగితం మీద అంకె చూసి, తల కూడా ఎత్తకుండా "ఆపేద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ నియమం నియమమే, ఆయన్ని తప్పుపట్టలేను.

"ఆ కొలిచినవాడెవడో వాడికి కళ్ళున్నాయా, టీ తాగుతూ కొలిచాడా" అని రాశావు. ఇంకా చాలా రాశావు, అవన్నీ ఇక్కడ ఎత్తి రాయలేను. కొలిచింది నేనే అక్కా. కళ్ళున్నాయి. టీ తాగలేదు.

ఇంట్లోవాళ్ళని మనమే కొలవకూడదని మా దగ్గర ఎక్కడా రాసిలేదు గానీ ఎవరూ ఆ పని చెయ్యరు. అమ్మకి మొదటిసారి తీసింది మా సార్. నాకీ పని నేర్పింది ఆయనే. చాటున మేమంతా ఆయన్ని అయిదుల మాస్టారు అంటాం. ఎవరిని కొలిచినా ఆయన అంకె అయిదుతోనో సున్నాతోనో ముగుస్తుంది. యాభై ఏడూ, అరవై రెండూ ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. అడిగితే, "గుండె ఏమన్నా బంగారమా అమ్మాయ్, గ్రాముల్లో తూచడానికి," అంటారు. ఏళ్ళ తరబడి రోగుల మీదికి వంగి పరికరం నొక్కిపెట్టడంతో ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం దాటి లేవదు, చాచి కిందికి వంచడమూ కష్టమే. దానికి వైద్యం చేయించుకోవడానికి సెలవు పెట్టారు. సరిగ్గా అప్పుడే అమ్మ తేదీ వచ్చింది. వాయిదా వేస్తే మందు ఆలస్యమవుతుంది. "మీ అమ్మేగా, నువ్వే కానిచ్చెయ్యి," అని మా ఇన్‌ఛార్జి చేతులు దులిపేసుకుంది.

కానిచ్చాను. ఎలా కానిచ్చానో ఆ గది గోడలకి తెలుసు. ఎడమవైపు తిరిగి పడుకోమంటే, "ఎడమవైపు నాకు నిద్రపట్టదే," అంటుంది. నిద్రపోవడానికి కాదమ్మా అంటే, ఇంత మెత్తటి మంచం వేసి నిద్రపోవద్దంటే ఎలా అంటుంది. జెల్లు రాస్తే చల్లగా ఉందని, మీ ఆస్పత్రికి ఓ పొయ్యి కూడా లేదా అని. గుండె బొమ్మ సరిగ్గా పడాలంటే ఊపిరి వదిలి బిగబట్టాలి, లేకపోతే ఊపిరితిత్తి అడ్డొస్తుంది. బిగబట్టమంటే "బిగబట్టాను" అని నోటితో చెబుతుంది. మాట్లాడితే బిగబట్టినట్టు కాదమ్మా అంటే, "మరి బిగబట్టానని నీకెలా తెలుస్తుంది?" అంటుంది. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి బొమ్మ దొరికింది. నిండిన క్షణం దగ్గర ఆపి, గది లోపలి గోడ వెంట గీత గీశాను. పిండుకున్న క్షణం దగ్గర ఆపి మళ్ళీ గీశాను. గీతల లోపల ఎంత రక్తం పడుతుందో యంత్రం లెక్కకట్టి చెబుతుంది. గీత వెంట్రుకవాసి లోపలికి జరిగినా బయటికి జరిగినా అంకె మారిపోతుంది. అందుకే మూడుసార్లు గీశాను. నలభై ఏడు, నలభై తొమ్మిది, నలభై ఎనిమిది.

"ఎంతే?" అంది అమ్మ.

"ఆగమ్మా."

"తగ్గిందా?"

"ఎందుకలా అడుగుతున్నావ్?"

"ఊరికే."

మందు ఆగిపోయింది. ఆగినప్పట్నుంచీ అమ్మని నువ్వు చూడాలి. వారం తిరిగేసరికి లేచి తిరగడం మొదలుపెట్టింది. కొత్త బూట్లు కొనిపించుకుని సాయంత్రాలు వీధి చివరిదాకా నడిచొస్తోంది. రోడ్డు మీద ఎవరింటి గేటు విరిగిందో, ఎవరి అల్లుడు ఏ టైముకి వచ్చాడో పూసగుచ్చినట్టు చెబుతోంది. గుండె నీరసపడిందని మందు ఆపిన మనిషికి ఇంత ఉత్సాహమేంటని నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. మనిషి తేలికపడితే చాలనుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. మళ్ళీ చూడమను, ఇంకోసారి చూడమను అని దాని నిండా అదే. చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు భోజనం మానేసి యంత్రంలోంచి అమ్మ పాత బొమ్మలు తీశాను. నిజం చెబుతున్నాను, అమ్మ కోసం కాదు. నా కొలత సరైనదేనని నీకు రుజువు చేసి, నువ్వు రాసినవన్నీ నీ చేతే వెనక్కి తీసుకునేలా చెయ్యాలని.

అప్పటిదాకా నేను సార్ రాసిన అంకె చూశాను గానీ బొమ్మ చూడలేదు. మాలో ఎవరూ చూడరు. అరవై అని రాసి ఉంటే అరవై అనుకుని ముందుకెళ్ళిపోతాం. ఆ రోజు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. సార్ తీసినప్పుడు గది నిండితే డెబ్భై అయిదు మిల్లీలీటర్లు, పిండుకున్నాక ముప్ఫై. నేను తీసినప్పుడు నిండితే తొంభై ఆరు, పిండుకున్నాక యాభై. తీసివేసి చూడు. బయటికి పోయిన రక్తం అప్పుడు నలభై అయిదు, ఇప్పుడు నలభై ఆరు. అమ్మ లెక్కలో చెప్పాలంటే దిగేవాళ్ళు ఎప్పటిలాగే దిగుతున్నారు, లోపల కూర్చున్నవాళ్ళే పెరిగారు.

గుండె సాగిపోతే అలా అవుతుంది. నీరసపడ్డ గుండె సాగుతుంది కూడా. నా గుండెల్లో రాయి పడింది. కానీ సాగితే గది అన్ని వైపులా ఉబ్బాలి. వెడల్పు కొలిచాను, రెంటిలోనూ ఒకటే. పొడవులోనే తేడా. సార్ బొమ్మలో ఏడు సెంటీమీటర్లు, నాదాంట్లో ఎనిమిదిన్నర. అప్పుడు సార్ బొమ్మని సినిమాలా ఆడించి చూశాను. ఆ గది అడుగున కొన ఉంటుంది చూడు, అది దాదాపు కదలదు. చుట్టూ గోడలు పిండుకుంటాయి గానీ కొన ఉన్నచోటే ఉంటుంది. నాకీ మాట మొదటి రోజే నేర్పింది సారే. ఆయన తీసిన బొమ్మలో కొన పైకీ కిందికీ ఎగురుతోంది. అంటే అది కొన కాదు. పరికరం పెట్టాల్సిన చోటుకంటే ఒక పక్కటెముక పైకి పెట్టడంతో గది ఏటవాలుగా తెగి, అసలు కొన బొమ్మలోకే రాలేదు. అలా తెగితే గది ఉన్నదానికంటే చిన్నదిగానూ, ఉన్నదానికంటే బాగా పిండుకుంటున్నట్టూ కనబడుతుంది. కటింగ్ టేబుల్ మీద మడత విప్పకుండా గుడ్డ కొలిస్తే నీ కుట్టు షాపులో ఏమవుతుందో ఇదీ అదే.

కాబట్టి అమ్మ గుండె అరవై నుంచి పడలేదు. అది అసలెప్పుడూ అరవై కాదు. మొదట్నుంచీ యాభై దగ్గరే ఉండి ఉంటుంది. మందు దాన్నేమీ చెయ్యలేదు.

సంతోషించాల్సిన సంగతే కదా. నాకు ఆ యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. అంతకుముందు నిజంగా ఎంతుందో ఇప్పుడు ఎవరు చెబుతారు? ఆ రోజు బొమ్మలోకి రాని కొనని ఇప్పుడు ఎక్కడ్నుంచి పట్టుకురాను? ఇవాళ్టి గుండెని ఎన్నిసార్లైనా కొలవచ్చు, అప్పటి గుండె అప్పటితోనే పోయింది.

సార్ సెలవయ్యి వచ్చాక ఆయనకి చూపించాను. ఎలా చెప్పాలో తెలియక, "సార్, ఇదోసారి చూస్తారా," అని బొమ్మ పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు.

"కొన ఎగురుతోంది," అన్నారు. "ఎవరు తీశారిది?"

నేను బొమ్మ అంచు చూపించాను. మూలన ఉన్న తేదీ, పేరూ ఆయనే చదువుకున్నారు. తరవాత భుజం పట్టుకుని కూర్చున్నారు. "చెయ్యి అంత కిందికి వెళ్ళేది కాదు అమ్మాయ్. వెళ్ళినంతవరకూ పెట్టి తీసేవాణ్ణి," అన్నారు. మళ్ళీ బొమ్మ వైపు చూసి, "ఇంకెంతమందివి ఇలా తీశానో," అన్నారు. ఇప్పుడు ఆ పాత బొమ్మలన్నీ మేమిద్దరం కూర్చుని చూస్తున్నాం. అనుమానం ఉన్నవాళ్ళని పిలిపించి మళ్ళీ తీస్తున్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రావడం లేదు, అది ఇంకో విసుగు.

దారి చూపించింది కూడా ఆయనే. ఆపరేషన్‌కి ముందు అమ్మ ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమోనని ఛాతీ మొత్తం స్కాన్ తీశారు, గుర్తుందా? అందులో ఊపిరితిత్తుల పక్కనే గుండె కూడా పడుతుంది. ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరం ఆ బొమ్మలు తెప్పించి పొడవు కొలిచాం. ఎనిమిదిన్నరకి ఓ పిసరు తక్కువ. మందు ఒక్క చుక్క ఒంట్లోకి పోకముందే అమ్మ గుండె ఇప్పుడున్నంత పొడవూ ఉంది.

ఇద్దరం కలిసి గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. తప్పు తనదేనని సార్ నాకంటే ముందే చెప్పేశారు. ఆవిడ అన్నీ చూసి, మొదటి అంకెని లెక్కలోకి తీసుకోవద్దని రాసింది. గుండెకి ఆసరాగా ఒక మాత్ర ఇచ్చి మందు మళ్ళీ మొదలుపెట్టొచ్చంది. ఎక్కించిన ప్రతిసారీ కొలవాలి, అదీ ఒకే చెయ్యి కొలవాలి అంది. ఎవరి చెయ్యి అంటే సార్ నా వైపు చూపించారు. మందుల డాక్టరు ఈసారి తల ఎత్తి నన్ను చూశాడు. వచ్చే గురువారం కాక ఆ పై గురువారానికి అమ్మ పేరున కుర్చీ రాశారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"అమ్మా, నీ గుండె పాడవలేదు. మొదటి బొమ్మ సరిగ్గా రాలేదు, అంతే. మందు మళ్ళీ ఎక్కించుకోవచ్చు," అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో, మెడల్ వేస్తుందన్నట్టు.

లేసు మీద చెయ్యి ఆగింది. "ఎవరు కనిపెట్టారిది?"

"నేనే."

"నిన్నెవరు చూడమన్నారు?"

"అక్క రాసింది."

"నువ్వు చూడకపోతే ఎవరికన్నా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చూశావ్?" అని లేచి నడకకి వెళ్ళిపోయింది.

ఇక మాటల్లేవు. నేను పొయ్యి ముందు నిలబడి ఉంటే, హాల్లో ఉన్న మీ మరిదితో, "మీ ఆవిడతో చెప్పు నాయనా, పాలు పొంగుతున్నాయని," అంటుంది. ఆయన వచ్చి నాకు చెబుతాడు. నేను ఆయనతో చెప్పి పంపిస్తాను. ఇంత నిజం కనిపెట్టి, ఇంతమందిని ఒప్పించి, చివరికి ఇంట్లో దొంగలా తిరిగాను. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నాం. రెండో కొస పట్టుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేక నన్ను పిలిచింది. నా కళ్ళల్లోకి చూడకుండా దుప్పటితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"రెండోసారి ఎక్కించినప్పుడే నాకిక వద్దనిపించింది. ఆ వణుకు, ఆ ఒళ్ళు నొప్పులు. మంచం దిగలేక మీ ఆయన చేత నీళ్ళు పట్టించుకుని తాగడం. వద్దంటే మీరిద్దరూ ఊరుకుంటారా? నువ్వు ఏడుస్తావ్, అది అరుస్తుంది. గుండె బాగాలేదని డాక్టరే ఆపితే నేను ఆపినట్టు కాదు కదా. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా గట్టెక్కాననుకున్నా. ఇప్పుడు నేనే నోరు తెరిచి వద్దనాలి. నీ కొలతలతో నువ్వు చేసిన పని అదీ."

అక్కా, ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టేశాను. లేచి వెళ్ళి ఆ కారే కుళాయి కింద గిన్నె మార్చి వచ్చాను. నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్న మాట ఒకటుంది. అమ్మ నోరు తెరిచాక నేను మూసుకుని కూర్చోవడం బాగుండదు.

నలభై ఎనిమిది అని కనబడగానే నాకు భయం వెయ్యలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఆ కుర్చీ ఉండదు, ఆ వణుకు ఉండదు, దుప్పటి మీద దుప్పటి కప్పుతూ నేను పక్కన నిలబడక్కర్లేదు అనిపించింది. నువ్వు దూరాన ఉన్నావు, నీకు మందు పేరే తెలుసు. ఎక్కించాక మూడు రోజులు అమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ చీకటి గదిలో అమ్మా నేనూ ఒకటే కోరుకున్నాం, ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆ తరవాత నాకు పట్టుకున్న భయం వేరు. నా కోరికే నా చేత గీత జరిపి గీయించిందేమోనని. అందుకే నా బొమ్మ మీద పేరు మూసేసి, ఎవరిదో చెప్పకుండా సార్ చేత గీయించాను. ఆయన యాభై అన్నారు. ఆయన లెక్కలో నలభై ఎనిమిదన్నా అదే. అంకె నిజమే. నాకు కలిగిన సంబరం మాత్రం నన్నిప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు.

అదంతా దుప్పటి కొస పట్టుకునే అమ్మకి చెప్పాను. అమ్మ మొదటిసారి నా వైపు చూసింది.

"నీకూ అలాగే అనిపించిందా?"

"అనిపించింది."

"మరిప్పుడు నీకేం కావాలి? డాక్టరమ్మకి కావాల్సింది కాదు, నీకు."

"నువ్వు ఎక్కించుకోవాలి," అన్నాను. "నొప్పి నీది, నాది కాదు. తెలుసు. అయినా అడుగుతున్నా. నాకు నువ్వింకా చాలా ఏళ్ళు కావాలి." నేను ఏడుస్తానని అమ్మ ముందే చెప్పింది కదా, ఆ మాట నిలబెట్టాను.

అమ్మ నా చేతిలోంచి దుప్పటి తీసుకుని మిగతా మడత తనే వేసుకుంది. దాన్ని పక్కన పెట్టి, "పెద్దదేమంటుంది?" అంది.

"ఆపొద్దంటోంది. నాలుగు పేజీలు రాసిందిగా."

"చదివా. బల్ల మీదే పెట్టావుగా. డాక్టర్ని తిట్టింది, కొలిచినవాణ్ణి తిట్టింది, ఆస్పత్రిని తిట్టింది. నన్నొక్క ముక్క అడగలేదు."

నీ తరఫున ఏదో ఒకటి చెబుదామని ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అమ్మ తింటోందా, పడుకుంటోందా, అంకె ఎంత, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, అన్నీ నన్ను అడిగావు. అమ్మని ఏమీ అడగలేదు. నిన్ననడానికి నాకు నోరు లేదు. నేను అదే ఇంట్లో ఉండి, ఆవిడ గుండె లోపలిదాకా చూసి కూడా అడగలేదు.

గురువారం వస్తానని అమ్మ అనలేదు. రానని కూడా అనలేదు. ఈ ఉత్తరానికి నాకు జవాబు రాయకు, అమ్మకి రాయి. మందు ఎంత మంచిదో రాయకు, అది చెప్పడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు. నీకేం కావాలో ఒక్క మాట రాసి, తనకేం కావాలో అడుగు. వద్దంటే అరవకుండా వినగలనా అని ముందు నిన్ను నువ్వు చూసుకో. వినలేననిపించినా సరే, అడుగు. గురువారం లోపల ఆవిడ చేతికి అందేలా ఇవాళే రాయి.

ఇట్లు,
నీ తిట్లన్నీ తినాల్సిన,
నీ చెల్లెలు